పద్నాలుగో గడి

రిచీ స్ట్రీట్‌లో మెట్ల కింద నా కొట్టు.
నిలబడితే తల తగులుతుంది, అందుకే
కూచుని చేసే పని నేర్చుకున్నాను.

మింట్ వీధి నుంచి ఆటోలో వచ్చిందా డబ్బా.
స్టీలు గిన్నెల మధ్య పెరిగినందుకేమో
మూత తీస్తే లోపలంతా పాలిష్ పొడి.
వెంట శెట్టిగారు, రెండడుగుల వెనక మునిలక్ష్మి.
ఆయన చెప్పింది రోగం కాదు, నేరం:
"లెక్కలో తేడా వస్తోందబ్బాయ్.
మెషీన్ బాగానే ఉందని ఓ ముక్క రాసియ్యి, చాలు."
ఆమె ఏమీ అనలేదు.
టోకెన్ చీటీని నాలుగు మడతలు పెట్టి, విప్పి,
మళ్ళీ పెట్టింది.

నా దగ్గరో పెన్‌డ్రైవ్ ఉంది,
మూత పోయి పదేళ్ళు, మెడకి బూటు లేసు.
జబ్బార్ భాయ్ కొట్టు మూసేస్తూ చేతిలో పెట్టాడు:
"మెషీన్ సంగతి దాని విండోస్‌ని అడక్కురా.
బాగున్నానంటుంది.
ఎవర్నడిగినా అదేగా అంటారు."

గుచ్చి, ఎఫ్ ట్వెల్వ్ నొక్కాను.
డబ్బా తన పేరు మర్చిపోయి లేచింది.
తెర మీది వెంకన్న లేడు, పాస్‌వర్డ్ లేదు,
అరువు తెచ్చుకున్న మెలకువతో
తన ఒళ్ళు తానే
పరాయివాడిలా తడుముకుంటోంది.

ముందు డిస్కు.
ముప్పై ఒక్క వేల గంటలు తిరిగిందట.
చెవి ఆనించాను. టిక్కుమనలేదు, గీకలేదు.
చెడ్డ సెక్టార్లు సున్నా.
సాయంత్రానికి చివరి అంచు దాకా చదివేసి
ఆకుపచ్చ గీతై ఆగింది.
ఫోన్ చేస్తే, "నేనన్నదీ అదేగా" అన్నారు శెట్టిగారు.

ఆమెకి ఫోన్ ఇమ్మన్నాను.
"ఎంతమ్మా తేడా?" ఊరికే అడిగాను.
"పదహారు వేల మూడు వందల ఎనభై నాలుగు సార్.
మార్చిలో అంతే. జూన్‌లోనూ అంతే."

స్క్రూడ్రైవర్ కింద పెట్టాను.
ఈ అంకె నాకు తెలుసు.
రెండుని రెండుతో హెచ్చిస్తూ పోతే
పద్నాలుగో మెట్టు మీద కూచుని ఉంటుంది.
మనుషులు దొంగిలించే అంకె కాదది.
మనుషులకి పదహారు వేలు చాలు, లేదా ఇరవై కావాలి.
ఎనభై నాలుగు రూపాయల చిల్లర దగ్గర
ప్రాణం పెట్టేది మెషీన్ ఒక్కటే.

రాత్రి మెమరీ పరీక్ష. నీలం తెర.
మొదటి పాస్, తప్పుల్లేవు.
రెండో పాస్, లేవు.
వీధిలో షట్టర్లన్నీ దిగాయి. టీ బండి కూడా వెళ్ళిపోయింది.
ఫ్యాన్ ఆపాను,
వేడెక్కితేగాని నిజం చెప్పని రకాలుంటాయి.
చొక్కా విప్పి నేనూ దాంతోపాటే ఉడికాను.

మూడో పాస్‌లో, ఒంటి గంట నలభైకి,
ఎర్ర గీత. ఒకటే.
సున్నా రాసి చదివితే
ఒకటని చెప్పింది.
సున్నా నుంచి లెక్కపెడితే పద్నాలుగో గడి.

రబ్బరుతో బంగారు పళ్ళు తోమి మళ్ళీ పెట్టాను.
స్లాట్ మార్చాను. జోడీని తీసి ఒంటరిగా నడిపాను.
అయినా అదే గడి, అదే అబద్ధం.
కోట్ల గడుల్లో ఒకటి జారినందుకు
ఐదు నెలలుగా ఒకామె జీతం
మూడు వేలు తక్కువ.

పొద్దున శెట్టిగారు ఆ ఎర్ర గీతను
చాలాసేపు చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.
"కొత్త ర్యామ్ ఎంత?" అన్నారు.
చెప్పాను.
"కాస్త తగ్గించుకో."

పెన్‌డ్రైవ్ లాగేశాను.
డబ్బా మళ్ళీ తన పేరుతో లేచింది,
వెంకన్నతో, పాస్‌వర్డ్‌తో,
రాత్రి తనని ఎవరేమడిగారో ఏమీ ఎరగనట్టు.

అప్పుడు నోరు తెరిచింది మునిలక్ష్మి.
"తగ్గించొద్దు సార్. పూర్తిగా వెయ్యండి బిల్లు.
ఏం చెడిందో కూడా రాయండి.
రెండు కాపీలు."

కార్బన్ పెట్టి రాశాను,
కింది కాగితం చిరుగుతుందేమో అన్నంత
ఒత్తి.